నానో సెన్సర్లలో పీహెచ్‌డీ: డబ్బు ఎన్ని నెలలకు, శాంపిల్ ఎవరి చేతిలో?

"నానోఫోటోనిక్ సెన్సర్లలో పూర్తి ఫండింగ్‌తో పీహెచ్‌డీ. ఒక్క అణువును సైతం గుర్తించగల సున్నితత్వం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ చదివినవారు అర్హులు." ఈ రంగంలో ప్రకటనలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అప్లై చేయాలనుకునే పిల్లలు వీటిని నాకు పంపి, "ఇది మంచిదేనా అండీ, చేరొచ్చా?" అని అడుగుతుంటారు. మంచిదో కాదో నేను చెప్పేలోపే ఇంకో రెండు ప్రశ్నలు వచ్చేస్తాయి: స్టైపెండ్ చాలుతుందా? యూనివర్సిటీ ర్యాంకు ఎంత?

నా లెక్కలో ఆ రెండూ చివర అడగాల్సినవి. నానో స్థాయి ఫిజిక్స్‌లో, అందులోనూ కాంతితో కొలిచే పనిలో, ఒక పీహెచ్‌డీ బాగుపడేదీ చెడిపోయేదీ వేరే రెండు విషయాల దగ్గర. డబ్బు ఎన్ని నెలల పాటు వస్తుంది? ఆ నెలల్లో మీరు కొలవబోయే శాంపిల్‌ను, అంటే కాంతి కింద పెట్టే పలకనో కణాలనో, ఎవరు తయారుచేస్తారు? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా ఎంత పెద్ద పేరున్న చోట చేరినా మొదటి ఏడాదంతా ఎదురుచూపులతోనే గడిచిపోవచ్చు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి.

మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. రక్తంలో ఉండే ఒక యాంటీబాడీ పొడవు పది నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మామూలు మైక్రోస్కోపుతో తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కన్నా చిన్న వివరాలను విడివిడిగా చూడలేమని ఎర్న్‌స్ట్ అబ్బే 1873లోనే తేల్చాడు. (ఆ హద్దును దాటిన పద్ధతులకు 2014లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, అది వేరే కథ.) సెన్సర్లు చేసేవాళ్లు ఆ గోడను ఢీకొట్టరు, పక్కదారిన వెళ్తారు. అణువును చూడాలని వాళ్లకు పట్టింపు లేదు. అది వచ్చి వాలినప్పుడు కాంతిలో వచ్చే చిన్న మార్పును పట్టుకుంటే చాలు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్. గాజు ప్రిజం మీద 50 నానోమీటర్ల మందాన బంగారు పొర వేసి, గాజు వైపు నుంచి లేజర్ కొడతారు. ఒక నిర్దిష్టమైన కోణంలో ప్రతిఫలించే కాంతి దాదాపు మాయమైపోతుంది. ఆ శక్తి బంగారంలోని ఎలక్ట్రాన్ల అలలోకి (ప్లాస్మాన్ అంటే ఇదే) వెళ్లిపోతుంది. క్రెచ్‌మాన్ ఈ అమరికను చూపింది 1968లో. అదే ఏడాది ఒట్టో కూడా కాస్త వేరే అమరికతో అదే పని చేశాడు. ఆ అల తాలూకు క్షేత్రం బంగారం ఉపరితలం నుంచి రెండు వందల నానోమీటర్ల మేరకే విస్తరిస్తుంది. అంత దగ్గరగా ఏదైనా అంటుకుంటే అక్కడి వక్రీభవన గుణకం (కాంతి ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య) మారి, చీకటి పడే కోణం జరుగుతుంది. 1983లో స్వీడన్‌లో లీడ్‌బర్గ్, నైలాండర్, లుండ్‌స్ట్రోమ్ దీనితోనే ప్రోటీన్లు అంటుకోవడాన్ని కొలిచి చూపించారు. 1990 కల్లా ఇది అమ్మకానికి పరికరంగా వచ్చేసింది.

చెప్పడానికి ఇంతే. సెటప్ ముందు కూర్చున్నాక అసలు సంగతి మొదలవుతుంది. ఒక మంచి ప్లాస్మాన్ సెన్సర్ వక్రీభవన గుణకంలో పది లక్షల్లో ఒక వంతు మార్పును పట్టగలగాలి. అయితే నీటి వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితేనే పదివేలలో ఒక వంతు మారుతుంది. అంటే నీళ్లు డిగ్రీలో నూరో వంతు వేడెక్కినా, మీరు వెతుకుతున్న ప్రోటీన్ వచ్చినంత సిగ్నల్ వచ్చేస్తుంది. ల్యాబులో ఏసీ ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ స్క్రీన్ మీద గీత మెల్లగా పైకి లేచి కిందికి దిగుతుంది. తలుపు తీసి ఎవరైనా లోపలికి వస్తే గీతలో ఒక మెట్టు పడుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ మెట్టును చూసి "వచ్చేసింది!" అని సంబరపడతారు. ప్రోటీన్ లేని ఉత్త బఫర్ ద్రావణం మాత్రమే పంపినప్పుడూ అదే మెట్టు కనిపించాక అర్థమవుతుంది, వచ్చింది ప్రోటీన్ కాదు, తలుపు తీసిన మనిషి అని. ఆ తర్వాత కొన్ని నెలలు డబ్బా కట్టడం, ఉష్ణోగ్రత అదుపు చేయడం, రెఫరెన్స్ ఛానల్ పెట్టడం, బేస్‌లైన్ (ఏమీ అంటుకోనప్పుడు ఉండే గీత) కదలకుండా చూసుకోవడం. వీటి మీద పేపర్లు రావు. థీసిస్‌లో రెండు పేజీలు వస్తాయి. కానీ చివరికి ఏ ఫలితాన్నైనా నమ్మొచ్చో లేదో చెప్పేది ఆ రెండు పేజీలే.

ఇది అసలు నానో లేని, కేవలం చదునైన బంగారు పొర సంగతి. ఇప్పుడొచ్చే ప్రకటనలు ఎక్కువగా నానో నిర్మాణాల గురించి: రెండు బంగారు ముక్కల మధ్య పది నానోమీటర్ల సందు, సిలికాన్ నైట్రైడ్ వలయాలు, మెటాసర్ఫేస్‌లు, ఫోటోనిక్ స్ఫటికాలు. వాటిని ఎవరో ఒకరు చేయాలి. చేసే తీరు చూడండి. గాజు పలక మీద రెసిస్ట్ (ఎలక్ట్రాన్ కిరణం తగిలినచోట మారే పదార్థం) పూత వేసి, ఎలక్ట్రాన్ కిరణంతో నమూనా గీసి, డెవలప్ చేసి, పైన బంగారం పొర పోసి, చివరికి అసిటోన్‌లో నానబెట్టి అక్కర్లేని బంగారాన్ని ఊడగొట్టాలి. బంగారం గాజుకు తనంతట తాను అంటుకోదు కాబట్టి మధ్యలో రెండు మూడు నానోమీటర్ల క్రోమియమో టైటానియమో వేస్తారు. ఆ జిగురు పొరే ప్లాస్మాన్‌ను నీరసపరిచి సిగ్నల్‌ను వెడల్పు చేస్తుంది. దాన్ని తగ్గిస్తే బంగారం ఊడిపోతుంది, పెంచితే సిగ్నల్ పోతుంది. కిరణం మోతాదు కాస్త ఎక్కువైతే సందు మూసుకుపోయి రెండు ముక్కలు ఒకటవుతాయి, తక్కువైతే అసలు ముక్కలే మిగలవు. ఇదంతా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాకే తెలుస్తుంది. ఆ మైక్రోస్కోపుకు కూడా స్లాట్ బుక్ చేసుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎలక్ట్రాన్ కిరణంతో గీసే యంత్రం ఒక్కటే ఉంటుంది, దాన్ని వాడేవాళ్లు చాలామంది ఉంటారు. ముందు క్లీన్‌రూమ్ (దుమ్ము లేకుండా ఉంచే ల్యాబు గది) ట్రైనింగ్, తర్వాత ఆ యంత్రం ట్రైనింగ్, తర్వాత వరుసలో మీ వంతు. అది పాడైతే సర్వీసు ఇంజనీరు వచ్చేదాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. డిజైన్ చేసి, తయారుచేసి, కొలిచి, తప్పు పట్టుకుని, మళ్లీ డిజైన్ చేసే ఒక చుట్టుకు చాలాచోట్ల నెలలు పడుతుంది. ఒక పీహెచ్‌డీలో ఇలాంటి చుట్లు ఎన్ని పడతాయన్నదే ఆ పీహెచ్‌డీ ఎలా ముగుస్తుందో చెబుతుంది. స్టైపెండ్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా ఆ సంఖ్య మారదు.

అందుకే నెలల సంగతి ముందు అడగమంటాను. యూరోపియన్ యూనియన్ మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులనే తీసుకోండి. ఏ దేశం వాళ్లైనా అప్లై చేయవచ్చు, ఉద్యోగ ఒప్పందంతో జీతమిస్తారు. ప్రపంచంలో ఇంత బాగా డబ్బిచ్చే పీహెచ్‌డీ అవకాశాలు తక్కువే. ఒక షరతు చాలామందికి చివరి నిమిషంలో తెలుస్తుంది: చేరే తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి చేరబోయే సంస్థ ఉన్న దేశంలో నివాసమో పనో చదువో ఉండకూడదు. అంటే మాస్టర్స్ రెండేళ్లు ఎక్కడ చేశారో అక్కడే ఈ సీటు కోసం చూడటం మామూలుగా దండగ. అసలు గమనించాల్సింది ఇంకోటి. ఆ డబ్బు ఒక్కొక్కరికి మామూలుగా 36 నెలలకు. అందులో మూడో వంతు దాకా సెకండ్‌మెంట్ పేరుతో వేరే సంస్థల్లో పనిచేయొచ్చు. కొత్త యంత్రాలు, కొత్త మనుషులు, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ శాంపిల్ చేసే యంత్రం ఒక దేశంలో, దాన్ని కొలిచే సెటప్ ఇంకో దేశంలో, మీరు మూడో దేశంలో ఉంటే 36 నెలలు ఇట్టే కరిగిపోతాయి.

నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థి ఎక్కువగా యూనివర్సిటీ ఉద్యోగే, మామూలుగా నాలుగేళ్లు. మొదటి ఏడాది చివర కొనసాగించాలా వద్దా అని సమీక్ష చేస్తారు. జర్మనీలో జీతం ప్రభుత్వ జీతాల పట్టికలోని ఇ13 స్థాయిలో ఉంటుంది, కానీ పూర్తి ఉద్యోగమా, అందులో సగమా, మూడింట రెండు వంతులా అన్నది ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో ఐదారేళ్లు సాధారణం. మొదట్లో క్లాసులు, పరీక్ష, పాఠాలు చెప్పి సంపాదించుకోవడం, తర్వాత గైడ్ ప్రాజెక్టు డబ్బు మీదికి మారడం. బ్రిటన్‌లో మూడున్నర, నాలుగేళ్లు. భారత్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రెండేళ్లు, సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) మూడేళ్లు, మొత్తం ఐదు. ఈ పట్టికలో మంచీ చెడూ వెతకడం అనవసరం. చూడాల్సిందల్లా చేయబోయే పని ఆ గడువులో పడుతుందా అన్నదే. క్లీన్‌రూమ్‌లో కొత్త నిర్మాణాన్ని సున్నా నుంచి కనిపెట్టాల్సిన ప్రాజెక్టు మూడేళ్ల డబ్బుతో వస్తే నాకు భయమేస్తుంది. అదే పని ఐదేళ్ల ఫెలోషిప్‌తో వస్తే అంత టెన్షన్ ఉండదు.

డబ్బు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఫెలోషిప్ మీ పేరు మీద ఉంటే గైడ్‌తో పొసగకపోయినా, ప్రాజెక్టు ఆగిపోయినా, నిబంధనలకు లోబడి దాన్ని ఇంకో ల్యాబుకు తీసుకెళ్లే వీలు కొంతైనా ఉంటుంది. డబ్బు గైడ్ ప్రాజెక్టుదైతే మీ దారి ఆ ప్రాజెక్టు దారే. గ్రాంటు మూడేళ్లది, మీరు చేరింది రెండో ఏట అనుకుందాం. మిగిలింది ఎంతో ప్రకటన చెప్పదు. అడిగితే గైడ్ చెబుతారు, ఎవరూ తప్పు పట్టరు. నేను చూసిన ఒక ల్యాబులో ఇదే జరిగింది. పరికరం కొనే డబ్బు వచ్చింది, మనిషికి జీతమిచ్చే డబ్బు అయిపోయింది. కొత్త లేజర్ పెట్టెలో అలాగే పడుంది, దాన్ని నడపాల్సిన అమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరింది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, రెండు పద్దులు వేరు, అంతే.

"పూర్తి ఫండింగ్" అన్న మాటను కూడా ఊరికే నమ్మకండి. బ్రిటన్ ప్రకటనల్లో ఫీజు స్వదేశీ విద్యార్థుల రేటుకే కడతామని రాసి ఉంటే, బయటి దేశాల వాళ్లకు మిగతా తేడా నెత్తిన పడుతుంది. అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధుల్లో 2021 నుంచి బయటి దేశాల వాళ్లకూ చోటిస్తున్నారు, కానీ దానికి కోటా ఉంది. పైగా కొన్ని సాంకేతిక రంగాలకు అటాస్ అనే భద్రతా అనుమతి కావాలి. చాలా దేశాల వాళ్లకు ఇది తప్పదు, వారాలు పడుతుంది, అది లేకుండా వీసా రాదు. సీటు వచ్చాక చూసుకుందాంలే అనుకుంటే చేరే తేదీయే దాటిపోతుంది.

సరే, డబ్బు నెలలు కుదిరాయి అనుకుందాం. ప్రకటనలో రాసిన సైన్స్‌ను ఎలా తూచాలి? గైడ్ ఎంత గొప్పవారైనా ప్రకటన ప్రకటనే, ఆశలన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఒక చిన్న లెక్కతో పరీక్షించవచ్చు, కాగితం, పెన్ను చాలు. "ఫెమ్టోమోలార్ గాఢతలో ఒక్క నానోకణంతో ప్రోటీన్ గుర్తింపు" అని ఉందనుకోండి. ఒక ఫెమ్టోమోలార్ అంటే ఒక మైక్రోలీటర్‌లో సుమారు ఆరు వందల అణువులు. ఒక్కో అణువుకు వాటాగా వచ్చే చోటు నూట ఇరవై మైక్రోమీటర్ల పక్కలున్న ఘనం. మీ సెన్సర్ నూరు నానోమీటర్లు, అంటే ఆ పక్కలో వెయ్యో వంతు. కదలని నీళ్లలో అణువులు తమ మానాన తాము తిరుగుతూ వచ్చి దాన్ని తగలాలి. చిన్న ప్రోటీన్ వ్యాపన వేగం వేసి లెక్క కడితే, ఒక్కటి వచ్చి తగలడానికి సగటున ఏడు గంటలు పడుతుంది. తగిలిన ప్రతిదీ అంటుకుంటుందని నమ్మకం లేదు. ఆ ఏడు గంటలూ బేస్‌లైన్ కదలకూడదు, ఏసీ ఆగకూడదు, తలుపు తీయకూడదు.

అంటే సెన్సర్ ఎంత సున్నితమైనదన్నది సగం ప్రశ్నే. అణువును సెన్సర్ దగ్గరికి ఎలా తెస్తారన్నది మిగతా సగం. ద్రవాన్ని పారిస్తారా, విద్యుత్ క్షేత్రంతో లాగుతారా, ఒకటి బదులు లక్ష కణాలు పరుస్తారా? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వేసి చూడండి. మంచి గైడ్ ముఖం వెలిగిపోతుంది, గంటసేపు మాట్లాడతారు. "అది తర్వాత చూసుకుందాం" అంటే ఆ తర్వాత చూసుకునేది మీరేనని అర్థం. ఇలాంటిదే ఇంకో ప్రశ్న: ఇప్పటివరకు కొలిచింది శుభ్రమైన బఫర్‌లోనా, అసలైన రక్తపు సీరంలోనా? సీరంలో వేరే ప్రోటీన్లు కోటానుకోట్లుంటాయి, అవన్నీ బంగారానికి అంటుకోవాలనే చూస్తాయి. బఫర్ నుంచి సీరంకు మారడంలోనే ఎన్నో అందమైన సెన్సర్లు చతికిలబడ్డాయి.

ఇదంతా విన్నాక చాలామంది, "అయితే ఈ రంగమే వద్దంటారా?" అంటారు. అస్సలు అననండి. చేతికి శాంపిల్ తేలిగ్గా దొరికే మూలలు ఇందులోనే ఉన్నాయి, మూడేళ్ల డబ్బు మాత్రమే ఉన్నవాళ్లు అటు చూడాలన్నదే నా వాదన. బంగారు నానోకణాలను గాజు ఫ్లాస్కులో, నీళ్లలోనే తయారుచేయొచ్చు. బంగారు లవణాన్ని సిట్రేట్‌తో మరిగించే పద్ధతి 1951 నుంచి ఉంది. ఇవాళ్టి బ్యాచ్ చెడితే రేపు ఇంకోటి. ర్యాపిడ్ టెస్టు పట్టీ మీద ఎర్రగీతగా కనిపించేది మామూలుగా ఇలాంటి కణాలే. రామన్ సిగ్నల్‌ను (అణువుకు తగిలి రంగు కాస్త మారి వచ్చే కాంతిని) వెండి మీద పెంచే పద్ధతి కూడా ఇలాంటి సులువైన ఉపరితలాలతోనే మొదలైంది: 1974లో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మాన్ బృందం గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ రామన్ సిగ్నల్ చూసింది. 1997 నాటికి అది ఒక్క అణువు దాకా వెళ్లింది.

వజ్రంలోని నైట్రోజన్-వేకెన్సీ కేంద్రాలు (కార్బన్ బదులు నైట్రోజన్, దాని పక్కనే ఖాళీ ఉన్న లోపాలు) ఇంకో మంచి చోటు. వజ్రపు పలకను కొనుక్కోవచ్చు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కొడితే ఎర్రగా వెలుగుతుంది, 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ దగ్గర ఆ వెలుగు తగ్గి గీతలో ఒక లోయ పడుతుంది. పక్కన అయస్కాంతం పెడితే ఆ ఒక్క లోయ రెండుగా చీలుతుంది, ఆ చీలిక కొలిస్తే అయస్కాంత క్షేత్రం తెలుస్తుంది. ఇదంతా గది ఉష్ణోగ్రతలోనే. చేరిన కొద్ది కాలానికే స్క్రీన్ మీద ఆ లోయ చూడగలిగితే మిగతా కాలమంతా ప్రశ్న మీద పెట్టొచ్చు. ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లు కూడా ఈ కోవకే చెందుతాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. క్లీన్‌రూమ్ పని నేర్చుకున్నవాళ్లకు బయట ఉద్యోగాలు బాగా వస్తాయి. ఎలక్ట్రాన్ కిరణంతో గీయడం, పొరలు వేయడం, ప్లాస్మాతో చెక్కడం తెలిసినవాళ్లను చిప్ పరిశ్రమ కళ్లకద్దుకుని తీసుకుంటుంది. వజ్రపు పలక కొనుక్కుని కొలిచిన మనిషికి ఆ చేతిపని రాదు. నిజమే. నేర్చుకోవాలనే వెళ్తే నేనూ వెళ్లమంటాను. కాకపోతే ఆ గ్రూపులో ఇప్పటికే నిలదొక్కుకున్న పద్ధతి ఉందా, దాన్ని చేతికందించే సీనియర్ ఉన్నారా అని చూసుకోండి. మోతాదు ఎంత, పొర మందం ఎంత, ఎంతసేపు నానబెట్టాలి అన్న లెక్కలు ల్యాబ్ నోట్‌బుక్‌లో రాసి ఉన్నచోట చేరితే మొదటి చుట్టుకే ఏదో ఒకటి చేతికొస్తుంది. అవి ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక కొంతకాలం పరిశోధనకు వచ్చినవారు) తలలో మాత్రమే ఉండి, ఆయన వచ్చే నెల వెళ్లిపోతుంటే మీరు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇవన్నీ ఎలా తెలుసుకోవాలి? గైడ్‌ను అడగండి, కానీ ముందు ఆ గ్రూపు నుంచి ఈమధ్య వచ్చిన రెండు మూడు థీసిస్‌లు చదవండి. చాలా యూనివర్సిటీలు వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతాయి. నేను ముందు ఫలితాలు చూడను, కృతజ్ఞతల పేజీ చూస్తాను. శాంపిళ్లు చేసిపెట్టిన ఫలానా టెక్నీషియన్‌కు ధన్యవాదాలు అని ఉంటే అక్కడ చేసే మనిషి ఉన్నట్టు. ప్రతి థీసిస్‌లోనూ వేరే దేశపు ల్యాబ్ పేరే ఉంటే శాంపిళ్లు పోస్టులో వస్తున్నట్టు. తర్వాత ప్రయోగ పద్ధతుల అధ్యాయం. చివరి ముగ్గురూ ఒకే సెటప్ బొమ్మ వేసుకుంటే ఆ సెటప్ నడుస్తోంది. ప్రతి ఒక్కరూ కొత్తది కట్టుకుంటే మీరూ కట్టుకుంటారు. ఇప్పుడు అక్కడ చదువుతున్న విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడే వీలుంటే ఒక్కటే అడగండి: చేరాక మొదటి డేటా ఎప్పుడొచ్చింది? జవాబు కన్నా జవాబుకు ముందు పట్టే సమయం ఎక్కువ చెబుతుంది.

నాలుగు ఆఫర్లు చేతిలో ఉన్నవాళ్లకే ఈ ఎంపికలన్నీ, ఒక్క సీటే వచ్చినవాడు ఏం ఎంచుకుంటాడని ఒకబ్బాయి నన్ను నిలదీశాడు. వచ్చిన ఒక్క సీటు వదులుకోమని నేనూ చెప్పను. కానీ అప్పుడు అడగడం ఇంకా అవసరం, ఎందుకంటే చేరకముందు అడిగితే మారే విషయాలు చేరాక మారవు. ఎలక్ట్రాన్ కిరణపు యంత్రం ట్రైనింగ్‌కు ఆరు నెలల వరుస ఉందని తెలిస్తే, చేరిన రోజే పేరు రాయించమని గైడ్‌కు ముందే మెయిల్ పెట్టొచ్చు. గ్రాంటులో రెండేళ్లే మిగిలిందని తెలిస్తే, మూడో ఏడాదికి బోధన డబ్బో డిపార్ట్‌మెంట్ డబ్బో ఉంటుందని ఆఫర్ లెటర్‌లో ఒక వాక్యం రాయించుకోవచ్చు. ఆ అబ్బాయి అదే అడిగాడు. గైడ్ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి ఆ వాక్యం చేర్పించారు, యంత్రం వరుసలో పేరు కూడా పెట్టించారు. అతను ఇంకా వీసా కోసం ఎదురుచూస్తున్నాడు. అటాస్ అనుమతి మాత్రం వచ్చేసింది.